ఒక్క సూది వేయండి డాక్టరుగారూ

వినాయక చవితికి రెండు రోజుల ముందు ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. రాత్రి నుంచి జ్వరం, ఒళ్లంతా నొప్పులు. పొద్దున్నే ఆర్‌ఎంపీ గారి దగ్గరికి వెళ్లొచ్చిందట. "రెండు సూదులు వేశాడు నాన్నా. ఒకటి ఎర్రమందు, ఒకటి తెల్లమందు. ఇప్పుడు కాస్త తేలిగ్గానే ఉంది" అంది. నేను అడిగింది ఒక్కటే ప్రశ్న. "కొత్త సిరంజియేనా?" "నా ఎదురుగానే కవరు చించాడులే, నువ్వు చెప్పావుగా" అంది. హమ్మయ్య అనుకుని ఫోన్ పెట్టేశాను.

పెట్టేసి పనిలో పడ్డాను కాని మనసు అక్కడే ఉండిపోయింది. జ్వరానికి రెండు సూదులు దేనికి? ఆ ఎర్రమందు బి12 విటమిన్ అయి ఉంటుంది. జ్వరానికీ దానికీ సంబంధం లేదు. తెల్లమందు నొప్పి తగ్గించే డైక్లోఫెనాకో, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడో, అమ్మకు తెలియదు, చీటీ కూడా ఇవ్వలేదు. పారాసిటమాల్ మాత్ర వేసుకుని పడుకుంటే సరిపోయేదేమో. ఇవేవీ నేను అడగలేదు. సిరంజి కొత్తదా అని మాత్రం అడిగి ఊరుకున్నాను.

ఇన్నేళ్లుగా ఇంట్లోవాళ్లందరికీ నేను నూరిపోసింది ఆ ఒక్క ప్రశ్నే. అది తప్పని అనడం లేదు. కాని సురక్షితమైన ఇంజెక్షన్ అంటే సిరంజి కవరు చింపడమే అన్నట్టు తయారయ్యాం మనం. కవరు కొత్తదైతే చాలు, ఆ సూది అసలు అక్కర ఉందా లేదా అన్నది ఎవరికీ పట్టడం లేదు. వాడిన సిరంజి మళ్లీ వాడటం వల్ల లక్షల మంది రోగాల పాలయ్యారు, నిజమే. అయితే ఆ సిరంజి అంతమంది ఒంట్లోకి దిగడానికి కారణం అక్కర్లేని సూదులు కోట్ల కొద్దీ పడటం. నా గొడవంతా దాని గురించే.

మావయ్య స్టీలు డబ్బా

మా మావయ్య ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాంపౌండరుగా చేశాడు. 1980ల మొదట్లో వేసవి సెలవులకు వాళ్లింటికి వెళ్తే, పొద్దున్నే ఆయన వెంట ఆస్పత్రికి వెళ్లి బల్ల మీద కూర్చునేవాణ్ణి. కిరసనాయిలు స్టవ్ మీద పొడుగాటి స్టీలు డబ్బా. లోపల చిల్లుల జల్లెడ, దాని మీద గాజు సిరంజిలు, సూదులు. నీళ్లు కాగుతుంటే గాజు గొట్టాలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. ఉప్పునీళ్లు కనక డబ్బా లోపల తెల్లగా పొర కట్టేది. ప్రతి గొట్టానికీ, దానిలో ఆడే గాజు పిస్టన్‌కీ ఒకే నంబరు ఉండేది. నంబరు తప్పి ఒకదాని పిస్టన్ ఇంకోదానిలో పెడితే మందు వెనక్కి కారిపోయేది. చిమటాతో తీసి, నంబరు చూసి, జతచేసి, సూది తగిలించి, పైకెత్తి గాలి వదిలేవాడు. సూది పూడుకుపోతే సన్నటి తీగ దూర్చేవాడు. మొద్దుబారితే రాయి మీద నూరేవాడు. ఆ నూరిన సూదులు దిగేటప్పుడు పిల్లలు పెట్టిన కేకలు నాకింకా గుర్తే.

రిటైరయ్యాక ఒకసారి ఆయన్నే అడిగాను, ఆ నీళ్లు ఎంతసేపు మరిగించేవాడివి మావయ్యా అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. "పొద్దున మొదటి వాయి బాగానే మరిగేది అల్లుడూ, ఇరవై నిమిషాలు. సంత రోజైతే పదింటికల్లా లైను గుమ్మం దాటేది. ఉన్నవి ఎనిమిది సిరంజిలు. ఇక వేణ్ణీళ్లు ఇలా పీల్చి అలా వదలడమే. సూది మాత్రం మార్చేవాణ్ణి. గొట్టం అదే."

సూది మారిస్తే సరిపోతుందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. కండలో సూది దిగాక, రక్తనాళంలో పడిందేమో చూడ్డానికి పిస్టన్‌ని కొంచెం వెనక్కి లాగడం పాత అలవాటు. ఆ లాగినప్పుడు కంటికి కనిపించనంత రక్తం గొట్టంలోకి వస్తుంది. సూదిని ఊడబీకినప్పుడు కూడా దాని మొదట్లో ఉన్నది కాస్త వెనక్కి జారుతుంది. అలా వచ్చిన రక్తంలో కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్ సి వైరస్ ఉంటే, సిరంజి లోపల అది రెండు నెలల దాకా బతికి ఉండగలదని ప్రయోగశాలలో చూశారు. మావయ్య సూది మార్చి గొట్టం ఉంచేశాడంటే, దీపం ఆర్పి పొయ్యి వదిలేసినట్టే.

మావయ్యని నేను తప్పుపట్టలేను. ఆయనలాంటి వాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. 1976లో ఎబోలా మొదటిసారి బయటపడిన రెండు చోట్లలో ఒకటి కాంగోలోని యాంబుకు అనే ఊరు, అప్పట్లో ఆ దేశం పేరు జైర్. అక్కడి మిషన్ ఆస్పత్రిలో బెల్జియం నుంచి వచ్చిన సిస్టర్లు సేవ చేసేవాళ్లు. నర్సులకు రోజూ పొద్దున ఐదంటే ఐదు సిరంజిలు ఇచ్చేవారు. ఒక రోగికీ ఇంకో రోగికీ మధ్య వాటిని గోరువెచ్చటి నీళ్లలో కడిగేవారు. ఆ విడతలో జబ్బు సోకిన 318 మందిలో 280 మంది చనిపోయారు. వాళ్లలో చాలామందికి జబ్బు అంటించింది ఆ ఐదు సిరంజిలే.

ఈజిప్టు సంగతి ఇంకా పెద్దది. నైలు నది పొలాల్లో నత్తల ద్వారా వచ్చే బిల్హార్జియా జబ్బుకి అక్కడి ప్రభుత్వం 1950ల నుంచి 1980ల దాకా ఊరూరా తిరిగి యాంటిమొనీ మందు ఇంజెక్షన్లు వేయించింది. ఒక్కొక్కరికి వారాల తరబడి, మళ్లీ మళ్లీ. గాజు సిరంజిలే, హడావుడిగా కాచినవే. బిల్హార్జియా తగ్గింది కాని హెపటైటిస్ సి ఆ దేశంలో ఇంటింటికీ చేరింది. 2008లో చేసిన సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల వాళ్లలో దాదాపు నూటికి 15 మంది రక్తంలో దాని ఆనవాళ్లు దొరికాయి. అప్పట్లో ప్రపంచంలో ఏ దేశంలోనూ అంత లేదు. మంచి చేద్దామని వెళ్లినవాళ్ల చేతుల్లోంచే అది పాకింది.

ఆ ఇంజెక్షన్లు అప్పటికి అవసరమే, నోటితో మింగే మంచి మందు ఇంకా రాలేదు కనక. ఆ మాత్ర వచ్చాక ఈజిప్టు సూదులు మానేసింది. ఇది ఒకచోట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ప్లాస్టిక్ వచ్చాక

సిరంజి పుట్టిందే నొప్పి కోసం. 1844లో డబ్లిన్‌లో ఫ్రాన్సిస్ రిండ్ అనే డాక్టరు ముఖం నరాల నొప్పితో అల్లాడుతున్న ఒకావిడకి బోలు సూది గుండా చర్మం కిందికి నల్లమందు సారం పంపించాడు. 1853లో ఎడింబరోలో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్స్‌లోని లియాన్‌లో చార్లెస్ ప్రవాజ్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, సూదినీ పిచికారీ గొట్టాన్నీ కలిపారు. వుడ్ కూడా వాడింది నొప్పికే. మా అమ్మ మోకాళ్ల నొప్పికి సూది వేయించుకున్నప్పుడల్లా నాకు ఆ డబ్లిన్ ఆవిడ గుర్తొస్తుంది. ఇద్దరికీ నొప్పి తగ్గింది, అదీ నిమిషాల్లో. ఆ నిమిషాల్లో తగ్గడమే సూదికి ఇంత పరపతి తెచ్చింది.

ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజికి 1956లో న్యూజిలాండ్‌కు చెందిన కాలిన్ మర్డాక్ పేటెంట్ తీసుకున్నాడు. ఆయన పశువుల మందులు కూడా చూసేవాడు. ఒకే సిరంజితో పశువు నుంచి పశువుకి రోగం పాకుతుందన్నది ఆయన బెంగ. మన ఊళ్లకు డిస్పోజబుల్ సిరంజి బాగా చేరింది 1990లలో, ఎయిడ్స్ భయంతో. ఆ భయం మంచే చేసింది. "కొత్త సూది వేయండి" అని చదువురాని వాళ్లు కూడా గట్టిగా అడగడం అప్పుడే మొదలైంది. మందుల షాపులో సిరంజి కొనుక్కుని చేత్తో పట్టుకెళ్లేవాళ్లు.

కాని ప్లాస్టిక్‌లో ఒక చిక్కుంది. గాజు సిరంజిని కాచి మళ్లీ వాడొచ్చు, దాన్ని చేసిందే అందుకు. ప్లాస్టిక్‌ని కాచకూడదు. అయినా పారేయడానికి మనసొప్పదు, చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది. దాంతో కాచడం పోయింది, మళ్లీ వాడటం మిగిలింది. 2002-03 ప్రాంతంలో దేశమంతా తిరిగి ఇండియాక్లెన్ అనే వైద్య పరిశోధకుల బృందం ఒక అధ్యయనం చేసింది. మన దేశంలో ఏటా దాదాపు 300 కోట్ల ఇంజెక్షన్లు పడుతున్నాయని, అందులో 63 శాతం దాకా ఏదో ఒక రకంగా సురక్షితం కావని తేల్చింది. 2009 మొదట్లో గుజరాత్‌లోని మొడాసా చుట్టుపక్కల హెపటైటిస్ బి ఒక్కసారిగా విజృంభించి పదుల మందిని చంపింది. వాడిన సిరంజిలు మళ్లీ వాడారని, ఆస్పత్రి చెత్తలోని సిరంజిలు గుట్టుగా తిరిగి అమ్ముడయ్యాయని అప్పుడు బయటపడింది.

మనిషి నిజాయతీ మీద ఆధారపడకుండా సిరంజే తనంతట తాను పాడైపోతే బాగుండునని ఆలోచించిన వాళ్లూ ఉన్నారు. మార్క్ కాస్కా అనే ఇంగ్లండ్ కుర్రాడు 1984లో పేపర్లో సిరంజిల ద్వారా హెచ్ఐవీ పాకబోతోందని చదివి ఆ పనిలో దిగాడు. మొదటి సిరంజి అమ్ముడవడానికి 17 ఏళ్లు పట్టింది, 2001 దాకా. మనలో చాలామంది అలాంటి సిరంజిని చూసే ఉంటారు, తెలియకుండానే. కోవిడ్ టీకా వేసింది వాటితోనే. మా కాలనీ కమ్యూనిటీ హాల్లో టీకా వేసిన నర్సమ్మను బతిమాలి, సూది కట్టర్లో కోసేశాక ఆ గొట్టం చూపించమన్నాను. అర మిల్లీలీటరు సిరంజి, వేలంత ఉంది. పిస్టన్ అడుగుదాకా నొక్కాక లోపల ఏదో పట్టేసుకుంది. వెనక్కి లాగితే రాలేదు. గట్టిగా లాగింది, పిస్టన్ కాడ పుటుక్కున విరిగి ఆమె చేతిలోకి వచ్చింది. "చూశారుగా సార్, దేవుడు దిగొచ్చినా రెండోసారి పని చెయ్యదు" అని ఎర్రబుట్టలో వేసింది.

మావయ్య ఉంటే ఆ విరిగిన కాడ చూపించాలనిపించింది.

పిల్లల టీకాలకు మన దేశంలో 2005 తర్వాత ఇవే వాడుతున్నారు. అక్కడ సమస్య చాలావరకు తీరింది. అయితే ప్రపంచంలో పడే ఇంజెక్షన్లలో టీకాలు నూటికి ఐదో పదో. మిగతా తొంభై జ్వరానికి, నొప్పికి, నీరసానికి, విరేచనాలకి వేసేవి. బాగుపడింది ఆ చిన్న ముక్క. నా బాధ మిగిలిన పెద్ద ముక్క గురించి.

సూది వెయ్యని వాడు ఏం డాక్టరు?

మా నాయనమ్మ తరచూ అనేది ఈ మాట. ఆమె అలా అనడానికి కారణం ఉంది. మా పెద్దనాన్నకు ఐదేళ్లప్పుడు న్యుమోనియా వచ్చి, ఇక లాభం లేదు, బతకడు అనుకున్నాక, టౌను నుంచి వచ్చిన డాక్టరు పెన్సిలిన్ సూది వేశాడట. మూడో రోజుకి పిల్లాడు గంజి తాగాడు. అది కళ్లారా చూసిన తల్లికి మాత్ర మీద గురి ఎలా కుదురుతుంది? పెన్సిలిన్ వచ్చిన కొత్తలో అలా లేచి కూర్చున్న పిల్లలు ఊరూరా ఉండి ఉంటారు. మన జనానికి సూది మీద ఉన్నది మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్లని నేను ఒప్పుకోను. ఒకప్పుడు కళ్లముందు జరిగిన నిజం అది. ఆ నిజం నాటి మందులు మారాయి, నమ్మకం మాత్రం అలాగే ఉండిపోయింది.

మందులు మారడంలో మనవాడి చెయ్యి కూడా ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండగా, బోదకాలు తెచ్చే ఫైలేరియాకు హెట్రజాన్ అనే మాత్ర తయారైంది. అంతకుముందు బోదకాలుకు ప్రయత్నించిన మందుల్లో, ఈజిప్టు సంగతిలో చెప్పిన ఆ యాంటిమొనీ ఇంజెక్షన్లే ఉండేవి. అదే లెడర్లేలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో బయటకొచ్చింది. అది టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కుటుంబంలో మొదటిది, నోటితో మింగేది. అప్పటికి పెన్సిలిన్‌ని మూడు నాలుగు గంటలకోసారి సూదితో పొడుస్తున్నారు. సుబ్బారావు గారి గురించి మనం ఎన్నో చెప్పుకుంటాం గాని, మాత్రతో ఎన్ని సూదులు తప్పించారో చెప్పుకోవడం నేను ఎక్కడా వినలేదు.

సెలైన్ సంగతీ ఇంతే. "ఒక బాటిల్ ఎక్కిస్తే లేచి కూర్చుంటాడు" అనేది మన ఊళ్లలో మంత్రం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల శిబిరంలో, బెంగాల్‌లోని బన్‌గావ్ దగ్గర, కలరా విరుచుకుపడింది. సెలైన్ నిండుకుంది. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు డ్రముల్లో పోయించి, రోగుల ఇంటివాళ్ల చేతే తాగించాడు. అంతకుముందు నూటికి ముప్ఫై మంది దాకా చనిపోతున్న చోట, ఆ నీళ్లు తాగినవాళ్లలో చావులు నూటికి నాలుగు లోపుకి దిగాయి. సూది లేదు, బాటిల్ లేదు, చెంబుతో తాగడమే. వాంతులు ఆగనప్పుడు, మనిషి స్పృహ తప్పినప్పుడు సెలైనే దిక్కు, దాన్ని కాదనను. కాని రెండుసార్లు విరేచనమైన పిల్లాడికి చెయ్యి పొడిచి బాటిల్ వేలాడదీయడం నేను ఎన్నిసార్లు చూశానో.

నాలుగో తరగతిలో నా పక్కన కూర్చునే ఒక అబ్బాయికి కుడికాలు సన్నగా, చచ్చుబడి ఉండేది. మోకాలి మీద చెయ్యి ఆనించి నడిచేవాడు. రెండేళ్లప్పుడు జ్వరం వస్తే పిర్రకు సూది వేయించారని, తెల్లారేసరికి కాలు పడిపోయిందని వాళ్లమ్మ చెప్పేది. "సూది వికటించింది" అనేవాళ్లు ఊళ్లో. ప్రతి ఊళ్లోనూ ఇలాంటి పిల్లలు ఒకరిద్దరు ఉండేవాళ్లు. సూది వేసినవాడు నరం మీద పొడిచాడనుకునేవాణ్ణి. చాలా ఏళ్ల తర్వాత చదివాను. కొందరి విషయంలో నిజంగానే తుంటి నరానికి తగిలి ఉండొచ్చు. కాని పోలియో వైరస్ అప్పటికే ఒంట్లో ఉన్న పిల్లాడికి కండలో సూది వేస్తే, దెబ్బతిన్న ఆ కండ నుంచి వైరస్ నరం పట్టుకుని వెన్నుపాముకు చేరే అవకాశం ఎక్కువట. సూది పడిన కాలే పడిపోతుంది. బ్రిటన్ పరిశోధకుడు హెచ్. వి. వయట్ మన దేశంలో పోలియో వచ్చిన పిల్లల వివరాలు చూసి, జ్వరానికి వేసిన అక్కర్లేని ఇంజెక్షన్లు ఎంతమందిని కుంటివాళ్లను చేశాయో ఏళ్ల తరబడి రాశాడు.

నా స్నేహితుడికి వేసిన సిరంజి కాచినదో కాదో నాకు తెలియదు. పోలియో విషయంలో ఆ తేడా లేనేలేదు. సరికొత్త సిరంజితో వేసినా అదే జరిగేది. మామూలు జ్వరం అది, ఆ సూదే అక్కర్లేదు.

నాకున్న అనుమానాలు

ఇదంతా మా స్నేహితురాలితో అంటే ఆమె నాతో గట్టిగా వాదించింది. ఆమె పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసరు. "నువ్వు చెప్పేది పాతికేళ్ల కిందటి మాట" అంది. లెక్కలు చూస్తే ఆమె అన్నదాంట్లో నిజం ఉంది. 2000 సంవత్సరంలో సురక్షితం కాని ఇంజెక్షన్ల వల్ల ప్రపంచంలో 2 కోట్ల 10 లక్షల మందికి హెపటైటిస్ బి, 20 లక్షల మందికి హెపటైటిస్ సి, 2 లక్షల 60 వేల మందికి హెచ్ఐవీ కొత్తగా సోకాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అప్పట్లో వెనుకబడిన దేశాల్లో నూటికి నలభై ఇంజెక్షన్లు వాడిన సిరంజితోనే పడేవి. పదేళ్లలో అది ఐదున్నర శాతానికి దిగింది. హెచ్ఐవీ సోకడం 87 శాతం తగ్గింది. మనుషులు మారారు, సిరంజి చవకైంది, జనం అడగడం నేర్చుకున్నారు. మరి నేనెందుకు ఇంత బాధపడుతున్నాను?

ఎందుకంటే 2019లో పాకిస్తాన్‌లోని రతోదేరో. సింధ్‌లో లర్కానా దగ్గర చిన్న పట్టణం. ఏప్రిల్ నుంచి జులై మధ్యలో 31,239 మందికి పరీక్ష చేస్తే 930 మందికి హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది. అందులో 763 మంది పదహారేళ్ల లోపు వాళ్లు. ఎక్కువమంది ఐదేళ్లు కూడా నిండని పిల్లలు. దగ్గుకీ జ్వరానికీ క్లినిక్కులకు తీసుకెళ్లి సూదులు, సెలైన్లు వేయించిన పిల్లలు. దానికి ఏడాది ముందే మన ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో, సంచి తగిలించుకుని ఊళ్లు తిరిగే డాక్టరు ఒకే సూదితో వైద్యం చేశాడని గగ్గోలు పుట్టింది. సగటు లెక్క తగ్గినా, ఎక్కడో ఒకచోట సిరంజి మళ్లీ వాడితే చాలు. అక్కడ అక్కర్లేని సూదులు ఎంత ఎక్కువగా పడుతుంటే అంత వేగంగా ఊరంతా అంటుకుంటుంది. రతోదేరో పిల్లలకు జ్వరం మందు సిరప్‌గా ఇచ్చి ఉంటే, ఆ సిరంజి పాతదో కొత్తదో అన్న మాటే వచ్చేది కాదు.

నాటు వైద్యుల వల్లే ఇదంతా అనుకునేవాళ్లూ ఉన్నారు. కాని 2008లో అమెరికాలో, లాస్ వేగాస్‌లోని ఎండోస్కోపీ క్లినిక్‌లో హెపటైటిస్ సి పాకిందని బయటపడింది. ఒకే రోగికి రెండోసారి మత్తుమందు తీయడానికి వాడిన సిరంజినే మళ్లీ మందు సీసాలో గుచ్చారు, ఆ సీసాలో మిగిలింది తర్వాతి రోగికి వేశారు. ప్రతి రోగికీ సిరంజి కొత్తదే! దాదాపు 60 వేల మందికి రక్తపరీక్ష చేయించుకోమని కబురు పంపాల్సి వచ్చింది. అక్కడ ఉన్నవాళ్లంతా చదువుకున్నవాళ్లే.

ఇంకో భయం కూడా ఉంది నాకు. సూదికి వ్యతిరేకంగా రాస్తే టీకాలకు వ్యతిరేకంగా చదువుకుంటారేమోనని. కుక్క కరిస్తే రేబిస్ టీకా, షుగరుకు ఇన్సులిన్, పాము కరిస్తే విరుగుడు, వీటికి సూది తప్ప దారి లేదు. హెపటైటిస్ బినే చూడండి. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ ఆ టీకాను మన దేశంలోనే తయారుచేసి విడుదల చేశాక, అది మామూలు కుటుంబాల చేతికి అందింది. వాడిన సూదితో పాకే జబ్బును ఆపేది కూడా సూదే. మావయ్యకు మాత్రం అది అందలేదు. వేలికి ఎన్నిసార్లు గుచ్చుకుందో లెక్కే లేదనేవాడు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టేటప్పుడే ఎక్కువగా గుచ్చుకునేదట. హెపటైటిస్ బి ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే టీకా లేనివాళ్లలో నూటికి ముప్ఫై మంది దాకా అంటుకోవచ్చు. ఆయన ఆఖరి రోజుల్లో కళ్లు పచ్చబడి, పొట్ట నీరు పట్టి పోయాడు. కాలేయం చెడిందన్నారు. ఎందుకు చెడిందో ఎవరూ పరీక్ష చేయించలేదు, ఆయన తాగేవాడు కాదు. అంతకు మించి నేనేమీ అనలేను.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆపేది మా ఊరి ఆర్‌ఎంపీ గారే. నాన్నకు గుండెల్లో నొప్పి వచ్చిన రాత్రి రెండింటికి బండి వేసుకుని వచ్చింది ఆయన. కారు మాట్లాడి, ఒంగోలు దాకా వెంట వచ్చి, తెల్లారాక బస్సెక్కి వెనక్కి వెళ్లింది ఆయన. మిరప కోతకు వెళ్లే మనిషికి ఒక రోజు పని పోతే ఆ రోజు కూలి పోయినట్టే. మూడు రోజులు మాత్రలు మింగి పడుకోమంటే కుదరదు, రేపటికి లేవాలి. అలాంటి మనిషితో "సూది అక్కర్లేదు" అనడానికి నెల జీతం అందుకునే నాకు నోరెలా వస్తుంది? సూది వెయ్యకపోతే ఆయన ఇంకో వీధిలోని ఇంకో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తాడు. మా డాక్టరు స్నేహితురాలు కూడా అదే అంది. "మాత్రలు రాస్తే ముఖం మాడ్చుకుని వెళ్తారు. అదే సూది వేస్తే దణ్ణం పెట్టి వెళ్తారు. రోజుకి నూట యాభై మందిని చూస్తూ ప్రతి ఒక్కరితో ఎంతని వాదించను?"

అందుకే ఇది డాక్టరు మీదకో, ఆర్‌ఎంపీ మీదకో తోసెయ్యలేను. అడిగేది మనం. కూలికి వెళ్లే మనిషి కంటే ముందు అడగడం మానాల్సింది నాలాంటి వాళ్లు. సెలవు పెట్టుకోగలిగిన, రెండు రోజులు పడుకోగలిగిన, అయినా "త్వరగా తగ్గేలా ఒక ఇంజెక్షన్ వేసెయ్యండి సార్" అనేవాళ్లు. నేనూ అన్నాను ఆ మాట, చాలాసార్లు, ఆఫీసులో రివ్యూ ఉందని టెన్షన్ పడి.

చవితికి ఊరెళ్లినప్పుడు అమ్మతో కూర్చుని ఇదంతా చెప్పాను. రతోదేరో గురించి చెప్పలేదు, నా చిన్ననాటి స్నేహితుడి కాలు గుర్తుచేశాను. అమ్మకు ఆ పిల్లాడు బాగా గుర్తు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పోయిన వారం అమ్మకు మళ్లీ జలుబు, జ్వరం. ఫోన్ చేసింది. "సూది వద్దు, మాత్రలు ఇవ్వండి అన్నాను" అంది. ఆయన ఏమన్నాడు అంటే, "ఏం అనలేదు. నాలుక చూశాడు, గుండెకు గొట్టం పెట్టి చూశాడు, బీపీ చూశాడు, నాలుగు మాత్రలు ఇచ్చాడు. నీళ్లు బాగా తాగమన్నాడు. డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాడు."

"వద్దన్నాడా? ఎందుకని?"

"సూది వెయ్యలేదుగా. సూది వేస్తేనే తీసుకుంటాడు. నాకే మొహమాటంగా ఉంది, ఊరికే చూపించుకొచ్చినట్టు."

పావుగంట చూశాడమ్మా, ఇవ్వాల్సింది కదా అన్నాను. "సూది వెయ్యకుండా డబ్బులు ఎలా ఇస్తాం నాన్నా, ఊళ్లో అలవాటు లేదు" అంది.

ఫోన్ పెట్టేసి ఆయన నంబరుకి నూట యాభై రూపాయలు ఫోన్‌పే చేశాను, రెండు సూదులకు అమ్మ ఇచ్చే డబ్బులే. ఐదు నిమిషాల్లో ఆయనే ఫోన్ చేశాడు. "బాబూ, డబ్బులు పడ్డాయి. దేనికివి?"

"అమ్మను చూసినందుకండీ" అన్నాను.

అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "సాయంత్రం మళ్లీ ఒకసారి వెళ్లి చూసొస్తాలే బాబూ" అన్నాడు.